తాడు చెప్పిన లెక్క

లంబకోణ త్రిభుజంలో కర్ణం మీద గీసిన చతురస్రం, తక్కిన రెండు భుజాల మీద గీసిన చతురస్రాల మొత్తానికి సమానము. ఈ వాక్యాన్ని తొమ్మిదో క్లాసులోనో పదో క్లాసులోనో కంఠతా పట్టి, పరీక్షలో అప్పజెప్పి, ఆ తరవాత పాత ఇత్తడి సామానుతోపాటు అటకమీద పెట్టేసినవాళ్ళమే మనలో చాలామందిమి. పైథాగరస్ సిద్ధాంతం అన్న పేరు మాత్రం గుర్తుంటుంది. అది మన ఇంటికీ వంటకీ ఎందుకమ్మా అని అడిగేవారికి ముందుగా ఒక చిన్న సంగతి మనవి చేస్తాను.

కొత్తగా ఇల్లు కట్టేచోట పునాదులకు ముగ్గు పోసేటప్పుడు తాపీమేస్త్రీ ఏంచేస్తాడో ఎప్పుడైనా నిలబడి చూశారా? మూలన మేకు కొట్టి, అటొక దారం ఇటొక దారం లాగుతాడు. ఒక దారం మీద 3 అడుగుల దగ్గర గుర్తు పెడతాడు, రెండోదాని మీద 4 అడుగుల దగ్గర. ఆ గుర్తునుంచి ఈ గుర్తుకి అడ్డంగా టేపు పట్టి చూస్తాడు. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల కుదిరినట్టు. రాకపోతే దారాన్ని ఇటో అటో జరిపి, అయిదు వచ్చేదాకా వదలడు. అయిదుకి బదులు అయిదడుగుల ఒక అంగుళం వచ్చిందనుకోండి, ఒక్క అంగుళమే గదా, పోనిద్దూ అని ఊరుకున్నారనుకోండి. 20 అడుగుల గోడ కట్టేసరికి దాని చివర ఉండవలసిన చోటునుంచి ఎనిమిది అంగుళాల పైచిలుకు పక్కకి పోతుంది. ఆ తరవాత గచ్చు పరిచేటప్పుడు ఆఖరి వరస బండలన్నీ ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా నరుక్కోవాలి. బీరువా గోడకి ఆనదు. ఇంటి వాస్తు మాట ఎలావున్నా, ఇంటి మూల మాత్రం ఈ సిద్ధాంతం చేతిలో వుంది.

ఆ మేస్త్రీ బహుశా ఏ పుస్తకంలోనూ దీన్ని చదివి వుండడు. పనిలో చేరినప్పుడు పెద్దమేస్త్రీ చూపించాడు, ఆయనకి ఇంకొకరు. ఈ లెక్క చరిత్ర కూడా చాలావరకు ఇలాంటిదే. రాసినవాళ్ళకన్న ముందు చేసినవాళ్ళున్నారు.

ఇప్పటి ఇరాక్ దేశంలో, యూఫ్రటీస్ టైగ్రిస్ నదుల మధ్య, బాబిలోను రాజ్యం వుండేది. అక్కడ కాగితం లేదు, తాటాకు లేదు. పచ్చి మట్టి పలక మీద రెల్లుపుల్లతో నొక్కి రాసేవారు. ఆ పలకలు ఆరి గట్టిపడి వేల ఏళ్ళు నిలిచాయి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో అలాంటిది ఒకటుంది, అరచేతిలో పట్టేంత పలక. వయసు సుమారు 3,700 ఏళ్ళు. దానిమీద ఒక చతురస్రం, మూలనుంచి మూలకి రెండు గీతలు, పక్కన అంకెలు. భుజం ఒకటైతే కర్ణం ఎంత అన్నదానికి వాళ్ళిచ్చిన జవాబు మన దశాంశాల్లోకి మార్చుకుంటే 1.414213 దాకా వస్తుంది. నేటి లెక్కతో పోల్చి చూస్తే అయిదో దశాంశ స్థానం దాకా పొల్లుపోలేదు. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంకో పలక వుంది, ప్లింప్టన్ 322 అని దాని పేరు. దానిమీద ఇలాంటి త్రిభుజాల అంకెలు పదిహేను వరసలున్నాయి. అందులో ఒక వరసలో చిన్న భుజం 12,709, కర్ణం 18,541. మూడో భుజం 13,500 అవుతుంది. గుడ్డిగా తడుముకుంటే దొరికే అంకెలు కావివి. ఏదో పద్ధతి తెలిసే రాశారు.

వాళ్ళ లెక్కలన్నీ ఇంత పెద్దవి కావు. బడిపిల్లలకిచ్చే లెక్క ఒకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియం పలకమీద వుంది. 30 కొలతల పొడవున్న దూలం గోడకి నిలువుగా ఆనించి వుంది. పైకొన 6 కొలతలు కిందికి జారింది. అడుగు కొన గోడకి ఎంత దూరం జరిగింది? పైకొన ఇప్పుడు 24 ఎత్తున వుంది. దూలం 30. ముప్ఫైని ముప్ఫైతో హెచ్చిస్తే 900, ఇరవైనాలుగుని ఇరవైనాలుగుతో హెచ్చిస్తే 576, తీసివేస్తే 324. అది 18 పద్దెనిమిదులు. కాబట్టి జవాబు 18. ఇవాళ్టి మన పిల్లల పుస్తకంలో గోడకి ఆనించిన నిచ్చెన లెక్క వుంటుంది చూడండి, అది దీని మునిమనుమరాలే అన్నమాట.

మరి పైథాగరస్ ఎవరంటారా? గ్రీకుల సామోస్ దీవిలో క్రీస్తు పూర్వం 570 ప్రాంతంలో పుట్టి, దక్షిణ ఇటలీలో క్రోటోన్ అనే ఊళ్ళో శిష్యులతో ఒక మఠంలాంటిది పెట్టుకున్న మనిషి. ఆయన రాసినదంటూ ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. ఈ సిద్ధాంతం కనిపెట్టిన సంతోషంలో ఎద్దుని బలి ఇచ్చాడని ఒక కథ ప్రచారంలో వుంది. ఆయన జీవహింస కూడదనేవాడని చెప్పుకునేవాళ్ళే ఈ కథా చెబుతారు. రెండూ ఎలా పొసుగుతాయి? రోముదేశపు సిసెరోకి కూడా ఈ సందేహమే వచ్చింది, నమ్మనన్నాడు. ఈజిప్టువాళ్ళు పన్నెండు ముడుల తాడుతో పిరమిడ్ల మూలలు తీశారని కూడా చాలా పుస్తకాల్లో చదువుతాం. అది పందొమ్మిదో శతాబ్దంలో కాంటర్ అనే జర్మను చరిత్రకారుడు చేసిన ఊహే గాని, అలా చేశామని ఈజిప్టువాళ్ళు ఎక్కడా రాసుకోలేదు. కథలు అంకెలకన్న త్వరగా పాకుతాయి.

ఇక మన తాడు సంగతికి వద్దాం. మన దగ్గర తాడుకి ఆధారం నిక్షేపంలా వుంది. శుల్బం అంటేనే తాడు. యజ్ఞవేదికలు కొలిచే విధానం చెప్పే గ్రంథాలకి శుల్బసూత్రాలని పేరు. బౌధాయనుడు, ఆపస్తంబుడు, మానవుడు, కాత్యాయనుడు రాసినవి ముఖ్యమైనవి. బౌధాయనుడిది అన్నిటికన్న పాతది. క్రీస్తు పూర్వం 800, 500 సంవత్సరాల నడుమదని పండితులంటారు. ఇందులో ఆపస్తంబుడి పేరు మన తెలుగు ఇళ్ళకి కొత్తది కాదు. ఉపనయనమైన పిల్లవాడు పెద్దలకి ప్రవర చెప్పి నమస్కరించేటప్పుడు గోత్రంతోపాటు సూత్రం కూడా చెబుతాడు గదా. కృష్ణయజుర్వేదం వారిలో మనవైపు ఎక్కువమంది చెప్పేది ఆపస్తంబ సూత్రమే. ఆ పేరు నోట పలికేవాళ్ళలో ఎందరికి ఆయన తాడుతో మూల తీసే లెక్క కూడా చెప్పాడని తెలుసు?

బౌధాయనుడి మాట భావం ఇది: దీర్ఘచతురస్రానికి పొడుగు పక్కనున్న తాడు ఒక వైశాల్యాన్ని చేస్తుంది, అడ్డంగా వున్న తాడు ఒక వైశాల్యాన్ని చేస్తుంది, ఆ రెండూ విడివిడిగా చేసినదాన్ని మూలనుంచి మూలకి లాగిన తాడు ఒక్కటే చేస్తుంది. త్రిభుజం అనే మాటే లేదు చూశారా. ఉన్నదల్లా తాడు, దాని మీద నిలబడే చతురస్రం. వెంటనే ఇది ఏయే అంకెల్లో కనపడుతుందో కూడా చెప్పాడు: 3, 4, 12, 5, 15, 8, 7, 24, 12, 35, 15, 36. పక్కన కాగితం పెట్టుకుని ఒకటి రెండు సరిచూడండి. ఏడేళ్ళు 49, ఇరవైనాలుగు ఇరవైనాలుగులు 576, కలిపితే 625, అది 25 ఇరవైఅయిదులు.

యజ్ఞానికి ఈ లెక్కలెందుకంటే, అక్కడ వైశాల్యం తప్పితే కర్మ తప్పినట్టే. గార్హపత్యం గుండ్రంగా వుండాలి, ఆహవనీయం చతురస్రంగా, దక్షిణాగ్ని అర్ధచంద్రాకారంగా. మూడింటి వైశాల్యమూ ఒకటే కావాలి. శ్యేనచితి అని డేగ ఆకారంలో పేర్చే వేదిక వుంది. అయిదు వరసలు, వరసకి 200 ఇటుకలు, మొత్తం 1,000. మొదటిసారి దాని వైశాల్యం ఏడున్నర చదరపు పురుషాలు. పురుషమంటే యజమాని చేతులు పైకెత్తి నిలబడిన ఎత్తు. తరవాతిసారి చేస్తే ఎనిమిదిన్నర, ఆపైన తొమ్మిదిన్నర, ఇలా పెరగాలి. డేగ ఆకారం మాత్రం చెదరకూడదు. అంటే ఒక చతురస్రానికి ఇంకో చతురస్రాన్ని కలిపి రెంటికీ సమానమైన మూడో చతురస్రం చెయ్యడం తెలియాలి. అక్కడ మూలతాడు లేకపోతే పని జరగదు. ఇది ఏదో పుస్తకాల్లో వదిలేసిన వ్యవహారం కాదు. 1975 ఏప్రిల్లో కేరళలో పాంజాళ్ అనే ఊళ్ళో నంబూద్రీలు పన్నెండు రోజులు అతిరాత్రం చేసి ఈ డేగ చితిని పేర్చారు. ఫ్రిట్స్ స్టాల్ అనే డచ్చి పండితుడు దగ్గరుండి ఫిల్ములు తీయించాడు.

ఆపస్తంబుడు మహావేదికి మూల ఎలా తియ్యమన్నాడో చెబుతాను. దీనికి ఒక తాడు, రెండు మేకులు చాలు. మహావేది తూర్పు పక్క 24 అడుగులు, పడమటి పక్క 30, మధ్యన తూర్పు పడమరల పొడవు 36. ఇక్కడ అడుగంటే మన 12 అంగుళాల అడుగు కాదు, పాదంతో వేసే అడుగు. ముందు 36 అడుగుల దూరంలో రెండు మేకులు కొట్టాలి. తాడు 36 కాదు, దానికి 18 కలిపి 54 తీసుకోవాలి. పడమటి కొసనుంచి 15 దగ్గర ఒక గుర్తు. తాడు రెండు కొసలూ రెండు మేకులకి తగిలించి, ఆ గుర్తు పట్టుకుని దక్షిణం వైపు బిగ్గా లాగాలి. తాడు 15, 39 గా విరుగుతుంది, మేకుల మధ్య 36 వుండనే వుంది. పదిహేను పదిహేనులు 225, ముప్ఫైఆరు ముప్ఫైఆరులు 1,296, మొత్తం 1,521, అదే 39 ముప్ఫైతొమ్మిదులు. కాబట్టి పడమటి మేకు దగ్గర నిక్కమైన మూల వచ్చింది, వేది ఒక కోణం దొరికింది. అలాగే ఉత్తరానికి లాగితే రెండోది. తూర్పు వైపు కూడా అలాగే లాగి, 15 దగ్గర కాకుండా 12 దగ్గర గుర్తు పెడితే అక్కడి రెండు కోణాలూ దొరుకుతాయి. పడమటి కోణాలకి శ్రోణులు, అంటే తుంట్లు అని, తూర్పు కోణాలకి అంసాలు, అంటే భుజాలు అని పేర్లు. వేది అంటే వాళ్ళ కళ్ళకి పడుకున్న మనిషి ఆకారంగా కనపడిందన్నమాట.

డాబా మీద మీరు కూడా చేసి చూడవచ్చు. అన్నీ మూడో వంతుకి తగ్గించుకోండి. 12 జానల దూరంలో రెండు బిందెలు పెట్టి, 18 జానల తాడుకి 5 జానల దగ్గర పసుపుతో గుర్తు పెట్టి, పిల్లలచేత లాగించండి.

ఇంకో మాట. ఆ మహావేది వైశాల్యం 972 అని చెప్పి ఆపస్తంబుడు ఊరుకోలేదు. దక్షిణం వైపు ఏటవాలుగా వున్న ముక్కని కోసి, తిప్పి ఉత్తరం వైపు అతికించమన్నాడు. అప్పుడది 27 వెడల్పు, 36 పొడవు గల దీర్ఘచతురస్రం అవుతుంది. రవికెగుడ్డ మిగలకుండా కత్తిరించి అటుముక్క ఇటు అతికే దర్జీపని తెలిసిన వాళ్ళకి దీనికన్న వివరం అక్కర్లేదు.

చతురస్రం మూలతాడు ఎంతో కూడా వాళ్ళు చెప్పారు. భుజానికి దాని మూడోవంతు కలపండి, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలపండి, ఈ చివరిదాంట్లో ముప్ఫైనాలుగోవంతు తీసెయ్యండి. కిలోమీటరు పొడవున్న భుజానికి ఈ లెక్క వేస్తే కర్ణంలో వచ్చే తేడా సుమారు 2 మిల్లీమీటర్లు. అంత పొడవున యజ్ఞవేదిక ఎవరు కడతారు?

1875లో జార్జి తీబో అనే జర్మను పండితుడు, కాశీలో పనిచేస్తూ, ఈ శుల్బసూత్రాల గురించి ఇంగ్లీషులో రాసేదాకా బయటి ప్రపంచానికి వీటి సంగతి తెలియదు. 1932లో విభూతిభూషణ్ దత్తు కలకత్తాలో దీనిమీద పుస్తకమే వేశాడు. అప్పటినుంచీ మనలో ఒక వాదం బయల్దేరింది: ఇది పైథాగరస్‌ది కాదు, మనదే, పేరు మార్చాలని. నాకు తోచినది చెబుతాను. బౌధాయనుడు చెప్పినది పైథాగరస్ కాలానికి ముందుదే కావచ్చు. కాని బాబిలోను పలకలు బౌధాయనుడికి ఇంకా వెయ్యేళ్ళ ముందువి. ముందుతనమే కొలబద్ద అయితే మనం పైథాగరస్ దగ్గర లాక్కుని బాబిలోనుకి అప్పజెప్పవలసి వస్తుంది. అంతా వాళ్ళ దగ్గరనుంచే వచ్చిందనేందుకూ ఆధారం లేదు. తాడుతో పనిచేసేవాళ్ళు ఎక్కడున్నా ఏదో ఒకనాటికి ఈ సంగతి దగ్గరికి రాక తప్పదేమో. మనది అని గట్టిగా చెప్పుకోదగ్గది వేరే వుంది. ఈ సంగతిని ఇన్ని అంకెలకని కాకుండా అన్ని దీర్ఘచతురస్రాలకీ వర్తించేటట్టు ఒక్క వాక్యంలో చెప్పిన పాత గ్రంథాల్లో మొదటి వరసలో వుండేవి మన శుల్బసూత్రాలు. ఎందుకలా అవుతుందో సూత్రంలో మాత్రం లేదు. సూత్రమంటేనే పొదుపు గదా. ఎందుకో విప్పి రాసిపెట్టిన గ్రీకు పుస్తకం యూక్లిడ్‌ది, క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో, మొదటి భాగం 47వ ప్రతిపాదన. ఎవరి పాలు వారికిస్తే ఎవరికీ లోటు రాదు.

యూక్లిడ్ గీసిన బొమ్మ చూసి బెదిరిపోయినవాళ్ళకి ఇంకో దారి వుంది. ఇది చైనావాళ్ళ పాతపుస్తకంలోని బొమ్మ, కాని మన వాకిట్లో పడేదే. వరసకి 8 చుక్కలు చొప్పున 8 వరసలు పెట్టండి. చుట్టూ గీత గీస్తే భుజానికి 7 గళ్ళ చతురస్రం వస్తుంది, మొత్తం 49 గళ్ళు. ఇప్పుడు పైగీత మీద ఎడమ మూలనుంచి 3 గళ్ళు లెక్కపెట్టి గుర్తు పెట్టండి. కుడి గీత మీద పై మూలనుంచి 3, అడుగు గీత మీద కుడి మూలనుంచి 3, ఎడమ గీత మీద అడుగు మూలనుంచి 3. నాలుగు గుర్తులూ కలిపితే లోపల వంకరగా తిరిగి కూర్చున్న చతురస్రం వస్తుంది. నాలుగు మూలల్లో నాలుగు త్రిభుజాలు మిగులుతాయి, ఒక్కొక్కటి 3, 4 భుజాలది. అలాంటివి రెండు కలిస్తే 12 గళ్ళు, నాలుగూ కలిస్తే 24. నలభైతొమ్మిదిలో ఇరవైనాలుగు పోతే 25. లోపలి చతురస్రం 25 గళ్ళయితే దాని భుజం 5. మేస్త్రీగారి అయిదడుగులు ఇవే. రేడియోలో ఇది చెప్పినప్పుడు బొమ్మ చూపే వీలు లేక చాలా అవస్థ పడ్డాను. చదివేవారికి ఆ బాధ లేదు, ముగ్గు చేతిలో వుంటే చాలు.

లెక్కని కథగా చెప్పడంలో మాత్రం మనవాళ్ళకి సాటి లేరు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో గాలికి విరిగిన వెదురు లెక్క వుంది. వెదురు 32 మూరలు. విరిగిన కొస మొదటికి 16 మూరల దూరంలో నేలని తాకింది. ఎక్కడ విరిగింది? పదహారు పదహారులు 256, దాన్ని 32తో భాగిస్తే 8. ముప్ఫైరెండులో 8 తీసి సగం చేస్తే 12. పన్నెండు మూరల దగ్గర విరిగింది, పై ముక్క 20. తొమ్మిది మూరల స్తంభం మీది నెమలి, స్తంభం మొదట్లోని పుట్టకేసి 27 మూరల దూరంనుంచి వస్తున్న పాముమీదికి దూకే లెక్క ఇంకొకటి. ఇద్దరి నడకా సమానం. పుట్టకి ఎంత దూరంలో పట్టుకుంది? ఇది మీకే వదిలేస్తున్నాను, వెదురు దారిలోనే వస్తుంది.

లీలావతి భాస్కరుడి కూతురని, ముహూర్తం చూసే గిన్నెలో ముత్యం పడి చిల్లు మూసుకుపోయి పెళ్ళి తప్పిపోతే, తండ్రి ఆమె పేరు నిలబెట్టడానికి పుస్తకం రాశాడని కథ వుంది. ఇది అక్బరు కొలువులో ఫైజీ 1587లో చేసిన పారసీ అనువాదం ముందుమాటలోది. మూలగ్రంథంలో లేదు. నాకు ఈ కథ అంతగా నచ్చదు. పెళ్ళికాని పిల్లకి ఓదార్పుగా లెక్కలిచ్చినట్టుంటుంది. గ్రంథంలో వున్నది అంతకన్న బాగుంటుంది. ఓ బాలా, లెక్క తెలిసినదానివైతే చెప్పు అంటూ ఒక ఆడపిల్లని అడుగుతూ పోతాడు కవి. ఓదార్చడు, అడుగుతాడు. ఆమె జవాబులు మాత్రం ఎక్కడా రాయలేదు.

తెలుగులో గణితం ఇంకా ముందే వచ్చింది. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనది రాజరాజ నరేంద్రుడి కాలమని సాహిత్య చరిత్రలు చెబుతాయి. అంటే నన్నయగారు భారతం ఎత్తుకున్న రోజుల్లోనే తెలుగు లెక్కల పుస్తకం కూడా పుట్టింది. మొదటిది అందరికీ తెలుసు, రెండోదాని పేరు మన పిల్లలకి చెప్పేవారే కరువు.

ఈ సిద్ధాంతానికి నిరూపణలు పోగుచేయడం కొందరికి వ్యసనం. అమెరికా అధ్యక్షుడైన గార్‌ఫీల్డు కూడా, అధ్యక్షుడు కాకముందు, 1876లో ఒకటి అచ్చువేయించాడు. ఎలీషా లూమిస్ అనే ఆయన 1940 నాటి తన పుస్తకంలో 370 చేర్చి, త్రికోణమితితో మాత్రం నిరూపణ కుదరదని రాసేశాడు. త్రికోణమితి సూత్రాలకే ఈ సిద్ధాంతం ఆధారం, కాబట్టి అది తాను కూర్చున్న పీటని తానే ఎత్తడం లాంటిదని ఆయన ఉద్దేశం. 2009లో జేసన్ జింబా అనే ఆయన అది తప్పని చూపాడు. ఆ తరవాత 2022లో న్యూఆర్లియన్సు నగరంలో సెయింట్ మేరీస్ అకాడమీ అనే ఆడపిల్లల బడిలో, లెక్కల పోటీలో అదనపు ప్రశ్నగా దీనికి కొత్త నిరూపణ ఇమ్మన్నారు. నెకియా జాక్సన్, కాల్సియా జాన్సన్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థినులు నెలల తరబడి కూర్చుని త్రికోణమితితోనే సాధించారు. 2023 మార్చిలో అట్లాంటాలో గణిత పండితుల సభలో చదివారు. ఆ సభలో మాట్లాడేవాళ్ళు మామూలుగా ప్రొఫెసర్లు, పరిశోధకులు. 2024 అక్టోబరులో అమెరికన్ మాథమేటికల్ మంత్లీలో వాళ్ళ వ్యాసం అచ్చయింది. అందులో అయిదు నిరూపణలు విడిగా ఇచ్చి, ఇంకో అయిదు దొరికే దారి చూపించారు. అప్పటికి ఒకమ్మాయి ఫార్మసీలోనూ, రెండో అమ్మాయి పర్యావరణ ఇంజనీరింగులోనూ చేరిపోయారు.